లిఫ్టు అలిగింది

లిఫ్టు మామయ్యకున్న పిచ్చి ఒక్కటే: యంత్రాలకు మనసుంటుందంటాడు. పాతికేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నా "చెడిపోయింది" అన్న మాట ఏనాడూ ఆయన నోట రాలేదు. ఫ్యాను ఆగితే "నీరసపడింది" అంటాడు. మిక్సీ మొరాయిస్తే "దీన్ని ఎవరేమన్నారు?" అని అక్కను నిలదీస్తాడు.

ఆయన మాట నమ్మేది పదేళ్ల మేనకోడలు ఒక్కతే. ఆ పిల్లకీ ఒక యంత్రంతో తగువుంది మరి. ఓ పొద్దున ఐదుగురున్న లిఫ్టులో ఆమె కాలు పెట్టగానే బరువు గంట మోగింది. అందరి కళ్లూ ఆమె పొట్ట మీదే పడ్డాయి.

"దిగమ్మా బొద్దూ, నీ చోట్లో ముగ్గురెక్కొచ్చు!" అని అపార్ట్‌మెంటు సెక్రెటరీ నవ్వాడు.

దిగింది. ఇక బడికీ ఆటకీ ఇల్లు కదలనంది.

అమ్మ కంగారుపడి కంచంలో సగం తీసేసింది. డాక్టరమ్మ మండిపడింది. "ఎదిగే పిల్లను పస్తు పెడతారా? బరువు ఉన్నచోట ఆగితే చాలు, తక్కినది పొడుగు చూసుకుంటుంది. తిండీ నడకా ఇంటిల్లిపాదికీ మారాలి."

"లావు దానిది, శిక్ష మాకా?"

"ఆ చిరుతిళ్లు కొని తెచ్చిన చేతులెవరివమ్మా?"

మర్నాడే తలుపుకి బోర్డు వేలాడింది: "లిఫ్టు అలిగింది. మెట్లెక్కండి." ఆరంతస్తుల జనం ఒకటే రొప్పు. వింతేమిటంటే చేతికర్ర మామ్మగారొస్తే లిఫ్టు బుద్ధిగా తలుపు తీసేది. నిండుచూలాలికీ తీసేది. సెక్రెటరీకి మాత్రం చచ్చినా కదిలేది కాదు.

"ఇదేం చోద్యమయ్యా?"

"మనుషుల్ని కనిపెడుతుంది సార్!" అన్నాడు మామయ్య.

ఇంట్లో ఫ్రిజ్జూ అలిగింది. కూల్‌డ్రింకు సీసా కనబడితే చాలు, దాని ప్లగ్గు ఊడిపోయేది.

"పదవే బడికి," అన్నాడు మామయ్య. "అందరికీ ఆయాసమే. నిన్ను చూసే ఓపిక ఎవరికుంది?"

పిల్ల మెట్లవైపు తొంగిచూసింది. మూడో అంతస్తులో సెక్రెటరీ కమ్మీ కౌగిలించుకుని నాలుక వేలేసుకుని ఉన్నాడు. పదిహేను రోజుల తర్వాత పిల్ల మొదటిసారి నవ్వింది. సంచీ తగిలించుకుంది.

నాలుగు నెలలకు డాక్టరమ్మ "పొడుగు పెరిగింది, బరువు ఆగింది, భేష్!" అంది. ఆ మాట చెబుదామని పిల్ల మేడమీది మోటారు గదికి ఒక్క పరుగున వెళ్లింది. గోడమీద ఒక స్విచ్చి. దాని కింద మామయ్య చేతిరాత: "అలక".

"మామయ్యా! దొంగా!"

మామయ్య స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు. "ఆ రోజు గంట మోగింది నీ వల్ల కాదే. నేనే తీగ తప్పు బిగించాను. ఆ సాయంత్రమే సరిచేశాననుకో. కానీ నిన్ను దింపేసిన లిఫ్టులో వాళ్లని ఊరేగనిస్తానా?"

"అయితే అలిగింది నువ్వన్నమాట!"

"ఛ, లిఫ్టే! ఆ సెక్రెటరీ నీకు క్షమాపణ చెబితే గానీ కదలనంటోంది."

పిల్ల దిగివచ్చి ఆ ముక్క చెప్పింది. సెక్రెటరీ చుట్టూ చూశాడు, మెట్లు చూశాడు. "తప్పయిపోయింది తల్లీ. ఆ రోజు అలా అనకూడదు," అన్నాడు గొంతు తగ్గించి.

పిల్ల పైకి చూసి ఈల వేసింది. గుర్రుమంటూ లిఫ్టు కిందికొచ్చి తలుపు తీసింది. పైనుంచి మామయ్య కేక: "చూశారా, పాపం దాని మనసు వెన్న!"

సెక్రెటరీ "రా తల్లీ, ముందు నువ్వెక్కు" అన్నాడు. ఆ తల్లి అప్పటికే మెట్లెక్కి రెండో అంతస్తులో ఉంది.