ఫ్యామిలీ లేదన్న మనిషి

అది 2023 వేసవి. అల్ ఖోబర్‌లో ఫ్లాట్లు అద్దెకు చూపించే ఒక ఆఫీసులో అప్పటికి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇలాంటి ఆఫీసుని ఇక్కడ అకార్ అంటారు. ఆఫీసు ఒక సౌదీ ఆయనది. తాళంచెవులు, తిరుగుడు, తిట్లు మాత్రం నావి. మాది ప్రొద్దుటూరు. నాకు తెలుగు, ఉర్దూ, అరబిక్ మూడూ వచ్చని నేనంటే, మూడూ కలిపితే ఒక్కటి కూడా పూర్తి కాదని మా ఆవిడ ఫోన్లో ఎగతాళి చేస్తుంది. ఆ అరకొర భాషలతోనే ఎన్నో కుటుంబాలకు ఇళ్ళు చూపించాను.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళను గమనించడం నాకో సరదా. ఒకాయన కుళాయిలన్నీ తిప్పి చూస్తాడు. ఇంకొకాయన గదిగదికీ తిరిగి ఫోన్ సిగ్నల్ అందుతోందా అని చెయ్యెత్తి నిలబడతాడు. ఆడవాళ్ళు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొగ ఎటు పోతుందో చూస్తారు. నేను మాత్రం మెట్లు చూస్తాను. గుమ్మాల ముందు చెప్పులూ పిల్లల సైకిళ్ళూ ఉంటే ఆ బిల్డింగులో జనం స్థిరంగా ఉంటున్నారని అర్థం. మెట్లు ఆస్పత్రిలాగా బోసిగా ఉంటే ఏడాదికోసారి ఖాళీ చేసి పోతున్నారన్నమాట. ఈ సంగతి నేను అందరికీ చెప్పను. అన్నీ చెప్పేస్తే ఇక నాతో పనేముంటుంది?

ఇక్కడి బిల్డింగులు రెండు రకాలు. అవాయిల్ అంటే కుటుంబాలకు ఇచ్చేవి, అజ్జాబ్ అంటే బ్రహ్మచారులకు ఇచ్చేవి. ఊళ్ళో పెళ్ళాం, నలుగురు పిల్లలు ఉన్నవాడైనా ఇక్కడ ఒంటరిగా ఉంటే బ్రహ్మచారి కిందే లెక్క. అవాయిల్ బిల్డింగులోకి అజ్జాబ్‌ని తెస్తే ఓనరు మళ్ళీ మన మొహం చూడడు.

రత్నంగారు మా ఆఫీసుకు వచ్చింది జులై చివర్లో. తెనాలి వైపు మనిషి. దమ్మామ్‌లో ఒక ఫ్యాక్టరీలో పెద్ద ఏసీ మెషీన్లు చూసుకునే సూపర్‌వైజరు. నలభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, మాట నెమ్మది. అవాయిల్‌లో రెండు గదుల ఫ్లాటు కావాలన్నారు. ఫ్యాక్టరీకి దగ్గర్లో చూపించనా అంటే, దూరమైనా పరవాలేదు, రోజూ బండిలో వెళ్ళొస్తానన్నారు.

మొదటి ఫ్లాటు ఖోబర్ నడిబొడ్డున. కొత్త టైల్సు, స్ప్లిట్ ఏసీలు, లిఫ్టు. ఆయన లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఎదుటి తలుపు వైపు చూశారు.

"ఈ ఎదురుగా ఎవరుంటారండీ?"

"ఎవరో లెబనాన్ వాళ్ళు సార్. ఇద్దరూ ఉద్యోగస్తులు."

"అయితే పగలు ఎవరూ ఉండరన్నమాట. వేరేది చూద్దామండి."

రెండో చోటా అంతే, మూడో చోటా అంతే. వంటిల్లు చూడరు, ఏసీ చూడరు. ఏసీ పనివాడు ఏసీ వైపు చూడకపోవడం నేనెక్కడా చూడలేదు. పై అంతస్తులో ఎవరు, కింద ఎవరు, మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్ళు ఉంటారా అని ఒకటే అడుగుడు. నాకు చిరాకు పుట్టింది. పరాయి ఆడవాళ్ళ గురించి ఇంతలా ఆరా తీసేవాడు ఎలాంటివాడో అని అనుమానం కూడా వచ్చింది. మనసులో ఉంచుకోవడం నా వల్ల కాదు. కార్లో కూర్చున్నాక అడిగేశాను.

"ఏంది సార్, ఇల్లు చూడమంటే ఇరుగుపొరుగును చూస్తాండారు? మీరు యాడన్నా పిల్లనిచ్చే సంబంధానికి వచ్చినారా?"

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"మా ఇంటావిడ పోయి రెండేళ్ళయిందండి. పాప మా వదినగారి దగ్గరుంది, తెనాల్లో. నాలుగో క్లాసు. వదినగారికి పిల్లల్లేరు. సొంత బిడ్డలా చూస్తున్నారు, అబద్ధం చెప్పకూడదు. ఈ యేడు తీసుకెళ్తే తీసుకెళ్ళు మరిదీ, లేదంటే ఇక పాపని మాకే వదిలెయ్, ఏటా పిల్ల మనసు అటూ ఇటూ లాగొద్దు అన్నారు. తప్పు మాటేం కాదుగా అది."

"మీరేమన్నారు?"

"తెచ్చుకుంటానన్నానండి. స్కూలు వ్యాను రెండింటికి దింపుతుంది. నేనొచ్చేసరికి ఐదు. ఆ మూడు గంటలూ పిల్ల ఎక్కడుంటుందో నాకు తెలియాలి. ఇల్లు ఎలాగున్నా సర్దుకుంటాను."

నా మాటకు నేనే సిగ్గుపడ్డాను. నాకూ కూతుళ్ళున్నారు. పిల్లను లాక్కునేవాళ్ళు చెడ్డవాళ్ళయితే పోట్లాడవచ్చు. మంచివాళ్ళతో ఏమని పోట్లాడతాడు ఈ మనిషి? ఆ సాయంత్రం నుంచి నేనూ మెట్లు చూడడం మానేసి పొరుగువాళ్ళ గురించే ఆరా తీయడం మొదలుపెట్టాను.

మనవాళ్ళైతే నయమని ఒక తెలుగు కుటుంబం ఉన్న బిల్డింగుకి తీసుకెళ్ళాను. ఆ ఇల్లాలు కాఫీ ఇచ్చింది, పాప పేరు అడిగింది, అయ్యో పాపం అంది. మధ్యాహ్నాలు కాస్త చూసుకుంటారా అని రత్నంగారు మొహమాటపడుతూ అడిగితే, "చూద్దాంలెండి" అంది. తెలుగులో చూద్దాంలెండి అంటే ఏమిటో మనకు తెలియంది కాదు. ఆమెనూ తప్పుపట్టలేం. పరాయి పిల్ల బాధ్యత మాటలు కాదు.

ఇక స్కూలు తెరిచే రోజు దగ్గరపడింది. అప్పుడే అల్ అజీజియాలో ఒక ఫ్లాటు ఖాళీ అయింది. ఖోబర్‌కు దక్షిణంగా ఉన్న పేట అది. పొద్దున్నే మగవాళ్ళంతా కార్లేసుకుని ఖోబర్‌కో దమ్మామ్‌కో వెళ్ళిపోతారు, సాయంత్రం తిరిగొస్తారు. మూడంతస్తుల బిల్డింగు. కింది అంతస్తులో ఓనరు అబూ ఫహద్ తన భార్యాపిల్లలతో, ముసలి తల్లితో ఉంటాడు. రోజంతా మనుషులున్న ఇల్లు అదొక్కటే నాకు తట్టింది.

సాయంత్రపు అసర్ నమాజు తర్వాత వెళ్ళాం. అబూ ఫహద్ మమ్మల్ని మజ్లిస్‌లో, అంటే మగ అతిథుల గదిలో కూర్చోబెట్టి గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోశాడు. అంతలో నా కారు ఎవరి గేటుకో అడ్డమొచ్చిందని వాచ్‌మన్ పిలిచాడు. నేను వెళ్ళి కారు పక్కన పెట్టి వచ్చేసరికి గదిలో వాతావరణం మారిపోయింది. అబూ ఫహద్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. రత్నంగారు ఏం జరిగిందో తెలియక బిక్కమొహం వేసుకుని ఉన్నారు.

"మస్తాన్, నా ఇంటికి అజ్జాబ్‌ని తెస్తావా?" అన్నాడు అబూ ఫహద్ అరబిక్‌లో.

"ఏమన్నారు సార్ మీరు?" అని రత్నంగారిని అడిగాను.

"ఫ్యామిలీ అని అడిగారండి. ఫ్యామిలీ మాఫీ అన్నాను. ఉన్న మాటేగా?"

మాఫీ అంటే లేదు అని. ఇక్కడ దిగిన మొదటి వారంలోనే ప్రతివాడూ నేర్చుకునే మాట. తిరకాసు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. మనవైపు మగవాడు నలుగురిలో నా భార్య అనడానికి మొహమాటపడి ఫ్యామిలీ అంటాడు. ఫ్యామిలీ ఊళ్ళో ఉంది, ఫ్యామిలీకి ఒంట్లో బాగాలేదు అంటాం. పిల్లల్ని ఫ్యామిలీ అనం, పిల్లలంటాం. రత్నంగారు తన భార్య లేదని చెప్పారు. అబూ ఫహద్‌కి అర్థమైంది, ఈ మనిషికి నా అన్నవాళ్ళెవరూ లేరని.

నేను విడమరచి చెప్పబోయాను. కూతురుంది, వస్తోంది, తల్లి చనిపోయింది అన్నాను. అబూ ఫహద్ చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు వచ్చేదాకా ఫ్యామిలీ లేదు. నువ్వు రాగానే కూతురు వచ్చిందా? అకార్ వాళ్ళు ఇల్లు నిండడానికి ఏమైనా చెప్తారు."

అందులో అన్యాయమేమీ లేదు. మా వృత్తికి ఆ పేరుంది, దాన్ని సంపాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రత్నంగారు లేచి నిలబడ్డారు. "పదండి మస్తాన్‌గారూ. ఇక వదినగారికి ఫోన్ చేసి చెప్పేస్తాను," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అప్పుడు లోపలి తలుపు వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. అదీ తెలుగులో.

"అన్నా, పోబాకండి. పెద్దమ్మ ఉండమంటాంది."

ఇద్దరం నోళ్ళు వెళ్ళబెట్టాం. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేస్తున్న రమణమ్మ ఆమె. అబూ ఫహద్ తల్లికి తోడుగా లోపలి గదిలో ఉంటుంది. తలుపు ఓరగా తీసుంటే మా మాటలన్నీ ఆ ఇద్దరికీ వినబడుతున్నాయి. ఫ్యామిలీ మాఫీ అన్న మాట చెవిన పడగానే, అడిగినవాడికి తెలియని అర్థం ఆమెకు తెలిసిపోయింది. మా దేశంలో ఫ్యామిలీ అంటే పెళ్ళాం, పాపం ఈయన పెళ్ళాం లేదంటున్నాడు అని పెద్దావిడకు అరబిక్‌లో చెప్పేసింది. నా మాట నమ్మని అబూ ఫహద్‌ను వాళ్ళమ్మ లోపలికి పిలిచి ఏం చెప్పిందో నాకు తెలియదు. వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. "ఆమె మీద అల్లా దయ ఉండుగాక," అని రత్నంగారితో అన్నాడు. మా ఖాళీ ఫింజాన్ కప్పుల్లో మళ్ళీ గహ్వా పోశాడు.

తలుపు వెనక నుంచి పెద్దావిడ ఏదో అడిగింది. రమణమ్మ తెలుగులో చెప్పింది.

"పాపకు ఎన్నేండ్లని అడగతాంది."

"తొమ్మిదమ్మా," అన్నారు రత్నంగారు.

"బడి నుంచి వచ్చినాక నువ్వు వచ్చేదాకా యాడుంటాదని అడగతాంది."

రత్నంగారు తలుపు వైపు తిరిగారు. "అదేనమ్మా నేను ఇన్నాళ్ళూ అందర్నీ అడుగుతోంది," అన్నారు.

రమణమ్మ ఆ మాటను అరబిక్‌లోకి మార్చింది. పెద్దావిడ ఒకటే వాక్యం అంది. ఈసారి రమణమ్మ చెప్పకముందే నాకు అర్థమైంది. కింద మా తలుపు లేదా, అంది. రత్నంగారికి నేనే తెలుగులో చెప్పాను.

"మరి నీకు పని పెరుగుతుంది కదమ్మా," అని రమణమ్మని అడిగాను.

"ఏం పనిలే అన్నా. తెలుగు మాట్లాడే బిడ్డ ఇంట్లో తిరగతా ఉంటే నాకూ బాగుంటాది. నా బిడ్డోళ్ళను యిడిసిపెట్టొచ్చి మూడేండ్లాయ."

అబూ ఫహద్ నా వైపు తిరిగి, "నువ్వు కాగితాలు తర్వాత రాసుకో. మా అమ్మ కాంట్రాక్టు అయిపోయింది," అన్నాడు. అందరం నవ్వాం. రత్నంగారు నవ్వబోయి జేబురుమాలు తీసుకున్నారు. ఫ్లాటు చూడకుండానే సరేనన్నారు. నేనే బలవంతంగా పైకి తీసుకెళ్ళి చూపించాను. వంటింటి కుళాయి కారుతోంది. ఆయన పట్టించుకోలేదు.

పాప పేరు హారిక. వదినగారు ఒక షరతు మీద పంపించారు. డిసెంబరు దాకా చూడు, పిల్ల బెంగ పెట్టుకుంటే మారుమాట్లాడకుండా నా దగ్గరికి పంపెయ్ అన్నారట. రత్నంగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే కానీ, ఫోన్ చేసినప్పుడల్లా ఆయన గొంతులో డిసెంబరు భయం నాకు తెలుస్తూనే ఉండేది. పిల్ల తినడం లేదని ఒకసారి, రాత్రి వదినగారిని తలుచుకుని పెద్దమ్మా అని కలవరించిందని ఒకసారి చెప్పారు. నేను ధైర్యం చెప్పేవాణ్ణి. నా ధైర్యం ఏపాటిదో ఆయనకూ తెలుసు.

నవంబరులో ఒక శుక్రవారం భోజనానికి పిలిచారు. జుమ్మా నమాజు అయ్యాక వెళ్ళాను. రత్నంగారు వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నారు. హారిక నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీస్తోంది. పక్కన రమణమ్మ ఇచ్చి పంపిన ఖర్జూరాల గిన్నె. ఇంతలో తెనాలి నుంచి వదినగారి వీడియో కాల్ వచ్చింది. పిల్ల ఫోన్‌ని గోడకు ఆనించి, గీయడం ఆపకుండానే మాట్లాడింది.

"ఏం తల్లీ, ఇంటికెప్పుడొస్తావు?" అన్నారు పెద్దమ్మ.

"ఇంట్లోనే ఉన్నా కదా పెద్దమ్మా," అంది హారిక.

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. ఫోన్లో ఆవిడ, "అవున్లే. ఇంతకీ ఇవాళ ఏం కూర?" అని అడిగారు. డిసెంబరు మాటే ఎత్తలేదు, ఎంత మంచి మనిషో ఆవిడ. నేను ఆవిడను ఎప్పుడూ కలవలేదు, కానీ ఆ క్షణంలో మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

రత్నంగారు వంటింట్లోంచి బయటకు రాలేదు. నేను లోపలికి వెళ్తే పొయ్యి కట్టేసి గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. తాలింపు మాడిపోయింది. ఆ మాడిన పప్పే ముగ్గురం తిన్నాం, ఎవరూ ఏమీ అనుకోలేదు.

అంతకుముందు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఫ్యామిలీయా, బ్యాచిలరా అనే. ఇప్పుడు అలా అడగను. ఇంట్లో మీతో ఎవరుంటారు, పగలు ఎవరుంటారు అని అడుగుతాను. దానికి జవాబు చెప్పడానికి మనుషులకు కాస్త సమయం పడుతుంది. కొందరు మాట మధ్యలో ఆగి, కుర్చీ దగ్గరికి లాక్కుని మొదట్నుంచీ చెప్తారు. నేను తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టేసి వింటాను.