మాస్టరు పట్టిన శృతి

మా ఊరు మోక భజన మండలి హార్మోనియం మాస్టరు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో ఉపన్యాసం మధ్యలో ఉన్నాను. వేదిక దిగక తప్పలేదు. బతికినన్నాళ్లూ నా మాటకు అడ్డం వచ్చిన మనిషి, పోయేటప్పుడూ అదే పని చేశారు.

నేను గొంతు పెంచానంటే చాలు, ఆయన వేలు హార్మోనియం మెట్టు ఒకదాని మీద పడేది. కుయ్యిమని శృతి మోగేది. జనం నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. "అరిస్తే దేవునికి చెవుడొస్తాదప్పా," అనేవారాయన. ఏ గురువూ లేకుండా, అక్షరమక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకున్న గ్రంథం నాది. చంకలో లేనిదే గడప దాటను. దాన్ని చూసినా ఊరుకోరు: "ఆ పుస్తకం కింద పెట్టు. చేతులు ఖాళీ లేకుంటే తాళం యాడ వేస్తావు?"

మాస్టరుదీ, మండలిలో తబలా వాయించే ఆయనదీ ఒకే ఇల్లు, నలభై ఏళ్లుగా. ఊరు దాన్ని స్నేహం అనేది, అంతకుమించి అడిగేది కాదు. ఒకరి మందుబిళ్లలు ఒకరు గుర్తుపెట్టుకునేవారు. ప్రతి శనివారం పోట్లాడుకునేవారు.

"నీ తబలా శృతి దిగింది."

"నీ చెవి దిగింది, ముసలోడా."

నాకు పాతికేళ్లప్పుడు మా ఇంట్లో పెళ్లిచూపుల మీద పెళ్లిచూపులు పెడుతున్నారు. ఆడపిల్ల మీద మనసు పోని నాలాంటి మగవాడికి గ్రంథంలో ఒక్క వాక్యమైనా ఉందా అని వెతికి వెతికి విసిగాను. చివరికి మాస్టరునే అడిగాను, "నాలాంటోడు ఎట్ల బతికేది?" అని. ఆయన, "ఉండప్పా, ముందు ఆయప్పను తబలా శృతి చేయనీ," అన్నారు. ప్రాణం మీదికొచ్చి అడిగితే ఇదా జవాబు! ఆ మధ్యాహ్నం మూడు కంచాలు పెట్టి, జొన్నరొట్టె వడ్డించి, "తిను. మేము బతకలేదా?" అన్నారు. అంతే. ఇరవై ఏళ్లలో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాలాంటివాళ్లు కూడా ముసలివాళ్లవుతారని నేను ఆ ఇంట్లోనే చూశాను.

ఆ నోరు విప్పని గుణమే చివరికి కొంప ముంచింది. నేను మోక చేరేసరికి తబలా ఆయన బయట, చెప్పుల పక్కన నిలబడి ఉన్నారు. లోపల నుంచి మాస్టరు అన్నకొడుకు వచ్చి, "స్వామీ, ఈయప్ప కొరివి తానే పెడతానంటాండాడు. ఏం వరస? శాస్త్రం చూసి చెప్పండి," అన్నాడు.

గ్రంథం తెరిచాను. మూడు గంటలు ఆగకుండా మాట్లాడేవాణ్ణి, పేజీలు తిప్పుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా. ఇంతలో తబలా ఆయనే, "సుమ్మనుండప్పా, ఏం చెప్పొద్దు, రగడ వద్దు. నేను ఈడే ఉంటా," అన్నారు. అన్నకొడుకు మీద కంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇద్దరికి ఇద్దరూ నోరు విప్పరు! గ్రంథం మూసి కింద పెట్టాను.

"ఏం వరసో నేను చెప్తా. ఆ మనిషికి ఈ మనిషే సంసారం. నేనూ అట్లాంటోణ్ణే. ఇంగ నన్ను భజనకు పిలుస్తారో మానుతారో మీ ఇష్టం."

చివరికి నిప్పుకుండ అన్నకొడుకు మోశాడు. కొరివి తబలా ఆయన పెట్టారు.

పోయిన శనివారం మండలికి సగం మందే వచ్చారు. రానివాళ్లకు వేరే పనులున్నాయట, అందరికీ ఒక్కరోజే! తబలా ఆయన శృతి చేసే సుత్తి పట్టుకుని కూర్చున్నారు, ఎదురుగా మూసిన హార్మోనియం. నాకు వాయించడం రాదు. మాస్టరు వేలికి అరిగి పసుపెక్కిన మెట్టు మాత్రం తెలుసు. ఇన్నేళ్లు నన్ను ఆపింది అదే కదా. మూత తీసి, గాలితిత్తి ఆడిస్తూ దాన్ని నొక్కాను. ఆయన తబలా అంచున సుత్తితో తట్టి, చెవి వంచి విన్నారు.

"ఇంకా కిందుండాది. విడవద్దప్పా, పట్టుకో."

గ్రంథం పక్కన ఉంది, రెండు చేతులకూ పని ఉంది. ఉపన్యాసం మొదలుపెట్టే వేళ దాటిపోయింది. పట్టుకునే ఉన్నాను.