పద్నాలుగు మడతల కుర్చీ

ఆ సంగీత కళాశాలలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పిల్లలకీ మాస్టార్లకీ కూడా ఆవిడ టేపు పిన్ని. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. స్నానం చేసేటప్పుడు తీస్తుందో లేదో ఆవిడ మొగుడినడగాలి. ఆయనేమో బస్సు డ్రైవరు, వేళాకోళం మనిషి. అడిగితే, "తీస్తుంది, సబ్బు ఎంత అరిగిందో కొలవడానికి" అంటాడు.

పిన్ని మొదట్లో కుట్టుపని చేసేది. రెండు వీధుల మూలమీద, మంచమంత కొట్లో, బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు సగం పోయింది. మిగిలిన సగంలో మిషను పడితే మనిషి పట్టదు, మనిషి పడితే మిషను పట్టదు. ఎవరో చెబితే కళాశాలలో వేదిక దగ్గర పనికి చేరింది. తుడవడం, తెరలకు కుట్లు వేయడం, పియానో మీద దుమ్ము పడకుండా చూడటం. అంతవరకే అనుకుంది.

చేరిన నెలకే ఒక సంగతి కనిపెట్టింది. ఒకమ్మాయి వాయిస్తూ వాయిస్తూ భుజాలు ఎగరేస్తోంది. "ఏమ్మా, చొక్కా బిగుతా?" అని అడిగింది. కాదు, కూర్చున్న బల్ల ఎత్తు తక్కువైంది. పియానో ముందు వేసే బల్లకు పక్కన రెండు మరలుంటాయి, తిప్పితే ఎక్కుతుంది, దిగుతుంది. మోచెయ్యి, వేళ్ళతో నొక్కే పియానో మెట్ల కన్నా వేలెడు పైకి ఉండాలి. పిన్ని టేపు పెట్టి చూసి, రెండు చుట్లు తిప్పింది. ఆ పిల్ల భుజాలు దిగాయి, పాటా కుదుటపడింది. ఆ రోజు నుంచి బల్ల ఎత్తు పిన్ని సొత్తు. రానురాను టేపు కూడా అక్కర్లేకపోయింది. గుమ్మంలోంచి నడిచొచ్చే పిల్లను ఒక్కసారి చూసి, "పంతొమ్మిదిన్నర" అనేసేది. పావంగుళం తేడా వస్తే ఒట్టు.

ఏటా చివర్లో, బాగా వాయించే పిల్లల్ని ఆరుగురిని ఎంచి, పెద్ద హాల్లో కచేరీ పెట్టేవారు. ఒకరు దిగి మరొకరు ఎక్కే మధ్యలో పిన్ని వేదిక మీదికి వెళ్ళి, బల్ల సరిచేసి, మెట్లమీద గుడ్డతో ఒకసారి తుడిచి వచ్చేది. పదకొండేళ్ళు అలాగే జరిగింది.

పన్నెండో ఏడు పియానో శాఖ పెద్దమ్మగారికి కొత్త ఆలోచన వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ కచ్చితం. కిందటేడు కచేరీ వీడియో చూసుకుంటే, ఆరుగురు పిల్లలకన్నా పిన్నే ఎక్కువసార్లు కనిపించిందట.

"సంగీతం మధ్యలో గుడ్డ పట్టుకుని మనిషి తిరగడమేంటి? ఈసారి గాలి పంపు బల్ల తెప్పించాను. మీట నొక్కితే అదే ఎక్కుతుంది, అదే దిగుతుంది. పిల్లలే సరిచేసుకుంటారు. నువ్వు తెర పక్కన హాయిగా కూర్చో" అంది.

పిన్ని ముఖం చిన్నబోయింది. "సరేనమ్మగారూ" అని మాత్రం అంది. పాత బల్లను కచేరీకి ముందురోజే ఊరికి ఆ చివరనున్న చిన్నపిల్లల బడికి పంపేశారు. ఇంటికెళ్ళి మొగుడితో, "కొత్తొక వింత, పాతొక రోత" అంది.

"నాకు మాత్రం సంతోషంగా ఉంది. పదకొండేళ్ళ నుంచి బల్ల జరిపినందుకు జనం ఎదురుగా తిరుగుతున్నావు. ముప్పయ్యేళ్ళుగా బస్సు ఆపుతున్నాను, నన్నొక్కడైనా చూశాడా?" అన్నాడాయన. అని, ఎందుకో తెలియదు గానీ, ఆ శనివారం సెలవు పెట్టి మొదటిసారి కచేరీకి వచ్చాడు. అయిదో వరసలో కూర్చున్నాడు.

పిన్నికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. వేదికకు పై భాగాన వేలాడే మఖ్మల్ పట్టీ చిరిగితే, దాన్ని ఒళ్ళో వేసుకుని తెర పక్కన కుట్టుకుంటూ కూర్చుంది. మూరెడు వెడల్పు, చాంతాడంత పొడుగు. పక్కనే తెర లాగే అతను చెక్క కుర్చీలో కాళ్ళు బారజాపి ఉన్నాడు.

వాయించే ఆరుగురిలో మూడోది పిచ్చుక. పదిహేడేళ్ళదే గానీ మనిషి పిడికెడంత, అందుకే పిచ్చుక. కిందటేడు ఇదే వేదిక మీద, పాట మధ్యలో మరిచిపోయి, లేచి పరుగెత్తి, వీధి చివర బస్టాపు దాకా ఆగలేదు. ఈ ఏడంతా ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది పాపం. ఆ సాయంత్రం పిన్ని పక్కన నిలబడి చేతులు రుద్దుకుంటూ, "పిన్నీ, ఈసారి ఆకాశం విరిగి మీద పడినా సరే, పాట అయ్యేదాకా లేవను. ఒట్టేసుకున్నాను" అంది.

"ఎవరి మీద?"

"మా కుక్క మీద."

"అయితే జాగ్రత్త మరి. అది మంచి కుక్క" అంది పిన్ని.

కచేరీ మొదలైంది. మొదటివాడు నిచ్చెన. ఆరడుగుల మీద నాలుగంగుళాలు. అతనికి బల్ల అట్టడుగున ఉండాలి. మీట నొక్కాడు, బల్ల తుస్సుమని దిగింది, వాయించాడు, చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా పెద్దమ్మగారే కొట్టింది. పాట బాగుందనో, బల్ల బాగుందనో.

రెండో అమ్మాయి బల్ల పైకి లేపుకుని కూర్చుంది. నాలుగు నిమిషాల పాట. సగానికొచ్చేసరికి పిన్ని సూది ఆగిపోయింది.

"అమ్మగారూ, మోచెయ్యి దిగింది" అంది గుసగుసగా.

"ఎవరిది?"

"ఆ పిల్లది. బల్ల దిగుతోందండి. అరంగుళం దిగింది."

"నీ భ్రమ" అంది పెద్దమ్మగారు. ఇంతలో పాట అయిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పిన్ని ఊరుకోబోయింది. కానీ తర్వాతిది పిచ్చుక. బల్ల అందరికన్నా ఎత్తుగా పెట్టుకోవాల్సింది ఆ పిల్లే. పాట చూస్తే మూడు భాగాలు, పదకొండు నిమిషాలు.

పిచ్చుక వెళ్ళి, వంగి నమస్కరించి, బల్ల చివరిదాకా లేపి ఎక్కి కూర్చుంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఎంత బాగా మొదలుపెట్టిందంటే, పిన్ని ఒక్క నిమిషం పాటు బల్ల మాటే మరిచిపోయింది. తర్వాత చూస్తే మోచేతులు మెట్లకు సమంగా ఉన్నాయి. ఇంకాసేపటికి మెట్ల కిందికి పోయాయి. బల్ల చప్పుడు లేకుండా, పెద్దమనిషిలా, తాపీగా కుంగుతోంది. పిచ్చుక ఆపలేదు. భుజాలెత్తింది, మెడ సాచింది. హాల్లో ముందు వరసవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మొదలైంది. వెనక వరసల్లో నుంచి చూస్తే పియానో వెనకాల నుదురొకటి, జడకు కట్టిన రిబ్బనొకటి కనిపిస్తున్నాయంతే.

పెద్దమ్మగారి ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఇప్పుడెలా?" అంది. అని పక్కకు తిరిగేసరికి, పిన్ని అప్పటికే పనిలో ఉంది.

"లే అన్నయ్యా" అంది తెర లాగే అతనితో.

"ఎందుకు?"

"కుర్చీ కావాలి."

"నేనెక్కడ కూర్చోను?"

"నిలబడు. తెర లాగడానికి కాళ్ళూ ఉండాలిగా."

కుర్చీకి టేపు పెట్టింది. పదిహేడు అంగుళాలు. పిచ్చుకకు ఇరవైన్నర. మూడున్నర తక్కువ. ఒళ్ళోని మఖ్మల్ పట్టీని వేళ్ళ మధ్య నలిపి చూసింది. మనిషి కూర్చుంటే అణిగి పొర ఒక్కింటికి పావంగుళం. పట్టీని కుర్చీ మీద ఇటూ అటూ మడతలు వేసుకుంటూ పోయింది. పద్నాలుగు మడతలు. జారకుండా నాలుగు మూలలా పొడుగు కుట్లు వేసి, దారం పళ్ళతో తెంపింది. సరిగ్గా అప్పుడే మొదటి భాగం ముగిసింది.

పెద్దమ్మగారు ఒక్కమాటే అంది. "వెళ్ళు."

పిన్ని కుర్చీ ఎత్తుకుని వేదిక మీదికి నడిచింది. రెండు వందల మంది చూస్తున్నారు. పిచ్చుక తల తిప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందుకే చూస్తూ, పెదాలు కదలకుండా అంది: "పిన్నీ, నేను లేవను."

"లేమ్మా, కుర్చీ వేస్తాను."

"లేవను. లేస్తే పారిపోతాను. నా సంగతి నాకు తెలుసు."

పిన్ని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి పిల్లకి. పెద్ద ఉపదేశాలు చెప్పే సమయం కాదు. ఆవిడకు చెప్పడం రాదు కూడా.

"లేవడం వేరు, పారిపోవడం వేరు. నా చెయ్యి పట్టుకుని లే. పారిపోతే నేనూ నీతో పాటే రావాలి. ఈ మోకాళ్ళతో నేను బస్టాపు దాకా పరుగెత్తలేను తల్లీ."

పిచ్చుకకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. ముందు వరసలో వినబడింది కూడా. చెయ్యి పట్టుకుని లేచింది. పిన్ని మోకాలితో ఆ పంపు బల్లను పక్కకు నెట్టి కుర్చీ వేసింది. పిచ్చుక కూర్చుంది. మోచెయ్యి మెట్ల కన్నా వేలెడు పైన ఉంది. పిన్ని అలవాటుకొద్దీ మెట్లమీద గుడ్డతో ఒకసారి తుడవబోయి, పెద్దమ్మగారు గుర్తొచ్చి, గుడ్డ వెనక దాచుకుని, తేలు కుట్టిన దొంగలా వచ్చేసింది.

రెండో భాగం నెమ్మదిగా సాగేది. పిచ్చుక దాన్ని తొందరపడకుండా, ప్రతి స్వరం చివరిదాకా వినిపించేలా వాయించింది. మూడో భాగం ఉరకలు వేసింది. ముగిసేసరికి హాలంతా లేచి నిలబడింది. పిచ్చుక వంగి నమస్కరించి, నడిచే బయటికి వచ్చింది. తెర పక్కకు రాగానే పిన్నిని పట్టుకుని ఏడ్చింది, మధ్యలో, "మా కుక్క బతికిపోయింది" అంది.

ఇంకా ముగ్గురున్నారు. పంపు బల్లను ఎవరూ నమ్మే స్థితిలో లేరు. పెద్దమ్మగారు పిన్ని వంక చూసింది. పిన్ని కత్తెర తీసుకుని బయల్దేరింది.

నాలుగో పిల్లవాడు పంతొమ్మిదిన్నర. వేదిక మీదే కుట్లు తెంపి, నాలుగు మడతలు విప్పి కుర్చీ వెనక్కి వదిలింది. పట్టీ తోకలా వేలాడింది. జనంలో కిసుక్కుమన్నారు. అయిదో అమ్మాయికి ఇంకో రెండు విప్పింది, తోక నేలమీద పరుచుకుంది. ఆరోవాడు వచ్చేసరికి హాలు హాలంతా లెక్కలో పడింది. ఆ పిల్లవాడు నడిచొస్తుంటే పిన్ని అలవాటుగా పైనుంచి కిందికి చూసింది. ముందు వరసలో ఒక తాతగారు ఉండబట్టలేక, "రెండు విప్పాలమ్మా!" అన్నాడు.

పిన్ని ఆయన వైపు తిరిగి, వినయంగా, "మూడండి" అంది. విప్పింది. పిల్లవాడు కూర్చున్నాడు. మోచెయ్యి అచ్చంగా కుదిరింది. తాతగారు ఓడిపోయినట్టు రెండు చేతులూ ఎత్తాడు. ఒక్క స్వరమైనా మోగకముందే హాలంతా చప్పట్లు! ఆ పిల్లవాడు తనకే అనుకుని మళ్ళీ లేచి నమస్కరించాడు. పిన్ని మాత్రం సిగ్గుతో చచ్చి, దగ్గరున్న తెర చాటుకు దూరబోయి, తప్పు వైపు తెరలోకి దూరి, కచేరీ అయ్యేదాకా అక్కడే ఇరుక్కుపోయింది.

పంపు బల్ల సంగతి కూడా చెప్పేస్తాను. వారం తర్వాత దాన్ని అమ్మిన అతను వచ్చాడు. బల్లలో లోపమే లేదని, పిల్లలకు వాడటం చేతకాలేదని వాదించాడు. వాదించేవాడు నిలబడి వాదించొచ్చు కదా, దానిమీదే కూర్చున్నాడు. హామీ కాగితంలో మూడో షరతు దగ్గరికి వచ్చేసరికి అతని గడ్డం పెద్దమ్మగారి మేజా అంచుకు తగిలింది. మారు మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చి, బల్ల చంకన పెట్టుకుపోయాడు. పెద్దమ్మగారు పాత బల్లను రప్పించి, పిన్నిని పిలిచి, "మెట్లు తుడిచే గుడ్డ తెల్లది వాడు, వీడియోలో బాగుంటుంది" అంది. ఆవిడ క్షమాపణలు అలాగే ఉంటాయి.

కచేరీ అయిన సాయంత్రం మొగుడూ పెళ్ళాలు బస్సెక్కి ఇంటికి బయల్దేరారు. ఆయన బస్సు నడిపేవాడి వంకైనా చూడకుండా కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. అది ఆయన స్వభావం కాదు.

"ఏమైంది?" అంది పిన్ని.

"ఏం లేదు. ఆ చిన్నపిల్ల రెండోసారి వాయించింది చూడు, నెమ్మదిగా..." అని, కిటికీలోంచి చూస్తూ కూనిరాగం తీశాడు.

పిన్ని కాసేపు విని, "అది కాదు. అక్కడ కిందికి దిగాలి. మీరు పైకి ఎక్కుతున్నారు" అంది.

"ఏడిశావ్. నేను చెవులొగ్గి విన్నాను. నువ్వు మోచేతులు చూస్తూ కూర్చున్నావు."

"దిగాలండీ. ఇదిగో, ఇలా" అని అందుకుంది. సన్నగా, ఎవరికీ వినిపించకూడదన్నట్టు. ఆ ముక్క అయ్యాక తర్వాతిది వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఎక్కడా తడుముకోకుండా ఆ భాగం చివరిదాకా పాడేసింది. ఆ పాటే ఏటా ఎవరో ఒకరు సాధన చేస్తుంటారు. తను తెరలు కుడుతూ, నేల తుడుస్తూ ఎన్ని వందలసార్లు విన్నదో. నేర్చుకున్నానని మాత్రం ఆవిడకు తెలియదు. ఆశ్చర్యంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన కిటికీ వదిలేసి ఆవిడకేసే చూస్తున్నాడు. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో ఆవిడ పాడటం ఆయన వినలేదు.

"ఇంకోసారి" అన్నాడు.

"చాల్లెండి, జనం చూస్తున్నారు."

"చూడనీ. నీకు అలవాటేగా."

పిన్ని చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఆయన కూడా కలిశాడు, దిగాల్సిన చోట బుద్ధిగా దిగాడు. పాట అయ్యాక తలెత్తి చూస్తే, ముప్పయ్యేళ్ళ బస్సు డ్రైవరు తన స్టాపు దాటి రెండు స్టాపులు వచ్చేశాడు. ఇద్దరూ దిగి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళారు.