ఎదురు నడక తౌనో

తౌనో పెద్దాయన మేమెరిగి ఏనాడూ బాణం గుర్తు చూపించిన వైపు నడవలేదు.

ఫిన్లండ్‌లో మా ఊరి హైవే పక్కన, ఏటి ఒడ్డు అడవిలో ఒక చుట్టుదారి ఉంది. దాని మొదట్లో బోర్డు మీద ‘మోస్తరు కష్టం’ అని రాసి ఉంటుంది. ఆ కష్టం తౌనోయే అని మా అందరి నమ్మకం. ఆదివారం మేమంతా బాణాల వెంట బుద్ధిగా ఎడమవైపు బయలుదేరితే, ఆయన కుడివైపు నుంచి ఎదురొస్తాడు. బురద మీద పరిచిన చెక్కపలకలు ఒక్క మనిషికే సరిపోతాయి. ఎదురుపడితే ఎవరో ఒకరు బురదలో దిగాల్సిందే. ఆ ఒకరు ఎప్పుడూ ఆయన కాదు.

“పెద్దాయనా, మీకు బాణం కనబడలేదా?” అని నా స్నేహితురాలు రౌహా మేజోళ్ళు పిండుకుంటూ అడిగేది.

“కనబడింది. దాంతో నాకేం పని? మీ వెనకాల ఎవరున్నారు?”

ఎవరు ఎదురైనా అదే ప్రశ్న. అడవిలో పలకరింపే ఎక్కువనుకునే జనం మేము. ఈ ఆరా ఏమిటని మాకు ఒళ్ళు మండేది.

“నా వెనకాల నా వీపుంది” అన్నాను ఒకసారి.

“దాని వెనకాల?” అన్నాడు.

పోయిన సెప్టెంబరులో పుట్టగొడుగులకు వెళ్ళాం. మావాళ్ళు ఇంటి తాళాలైనా ఇస్తారు గానీ, పుట్టగొడుగులు దొరికే చోటు తోడబుట్టినవాళ్ళకైనా చెప్పరు. అందుకే రౌహా ముందు నడుస్తుంటే నేను చప్పుడు చేయకుండా దారి వదిలి, ఏటివైపు నా రహస్య స్థలానికి జారుకున్నాను. బుట్ట సగం నిండిందో లేదో, తడి బండ మీద కాలు జారి చీలమండ మెలిక పడింది. లేవలేకపోయాను. ఫోను కారులో ఉండిపోయింది. అరిస్తే, హైవే మీద లారీల హోరులో నా గొంతు నాకే వినబడలేదు. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తారా అంటే, అడవిలో ఇంకొకరి ఏకాంతంలోకి తొంగిచూడటం మాలో మహా అమర్యాద. చలి ముదురుతోంది, పొద్దు వాలుతోంది. నిజంగా భయం వేసింది.

ఇంతలో పొదలు కదిలాయి. ఎలుగుబంటి అనుకున్నాను. తౌనో!

“మీ వెనకాల ఎవరున్నారని అడిగితే, రౌహా నీ పేరు చెప్పింది కెర్తూ. చుట్టంతా తిరిగినా నువ్వు ఎదురుపడలేదు. వెనక్కొచ్చి వెతికితే నాచు మీద అడుగులు కనబడ్డాయి.”

“అందుకా మీరు ఎదురు నడిచేది?”

“అందరూ ఒకే వైపు పోతుంటే వెనకబడ్డవాళ్ళు ఎవరి కంట పడతారమ్మాయ్?” అంటూ ఫ్లాస్కులోంచి వేడి కాఫీ పోసిచ్చాడు. “మా ఆవిడ ఐలా ఒకసారి ఇక్కడే కాలు బెణికి కూర్చుండిపోయింది. ముందు నడుస్తున్న నాకు కారు దాకా వెళ్ళాక గానీ తెలియలేదు. ఇప్పటికీ రోజూ తిడుతుంది.”

ఆ కాఫీ రుచి ఈ జన్మకు మరిచిపోలేను.

నన్ను లేపుతూ, ఎదుట పసుపుపచ్చగా మెరుస్తున్న పుట్టగొడుగుల నుంచి ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. “నేనేమీ చూడలేదు. అసలే నాకు చత్వారం.” చెక్కపలకల మీద నన్ను నడిపించి, తను పక్కన మోకాలిలోతు బురదలో నడిచాడు.

నా కాలు బాగయ్యాక, ఆయన మీది గౌరవం కొద్దీ ఊరంతా కూడబలుక్కుని ఒక ఆదివారం కుడివైపు నుంచి బయలుదేరాం. తౌనో వచ్చి, మా వరస చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“మీరంతా ఇటు పోతే మీకు ఎదురొచ్చేదెవరు?”

గొణుక్కుంటూనే, మేమెరిగి మొదటిసారి, బాణం చూపించిన వైపు నడిచాడు.