కంపెనీ చూపులు

హైదరాబాదులో చాలా ఏళ్లు కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టి, చివరికి సొంత ఊరి పక్కనే, ఐనవిల్లి దగ్గర ఒక కొబ్బరి ఉత్పత్తుల కంపెనీలో అదే పనికి చేరాను. ఫ్యాక్టరీకి ఆనుకుని కొత్త ల్యాబ్ కట్టారు. అందులో పనిచేసే చదువుకున్న పిల్లలే దొరకడం లేదు. "ఈసారి మన పిల్లలు ఒక్కరైనా చేరకపోతే ల్యాబ్ విశాఖ మార్చేద్దామండీ, మీరూ అక్కడికే వెళ్దురుగాని" అన్నారు మా యజమాని. మళ్లీ సామాను సర్దడం నావల్ల కాదు. ఇల్లు చేరిన సుఖం ఇప్పుడిప్పుడే ఒంటబడుతోంది.

అందుకని అమలాపురంలో ఒక కాలేజీకి క్యాంపస్ ఎంపికలకు పెళ్లివారిలా దిగాను. ఎంప్లాయర్ బ్రాండింగ్ నాకు కొట్టినపిండి. అంటే ఏమీ లేదు, చూడగానే పిల్లలకు చేరాలనిపించేలా కంపెనీని ముస్తాబు చేయడం. నిలువెత్తు ఫ్లెక్సీలు, సెల్ఫీ ఫ్రేము, వీడియో, మా పేరున్న ఆకుపచ్చ టీషర్టులు. పిల్లలు చప్పట్లు కొట్టారు, టీషర్టులు అక్కడికక్కడే తొడుక్కున్నారు. ఆ టీషర్టులతోనే పక్క హాల్లో బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వరసలోంచి క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయిని ఆపి, మా కంపెనీకేం తక్కువని అడిగేశాను.

"తక్కువేం లేదండీ. బెంగళూరంటే దూరం, మావాళ్లు వెళ్లి చూడలేరు కదండీ, సరే అనేస్తారు. మీదైతే పక్కనే. చూసుకోకుండా ఎలా పంపుతారండీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆదివారం ఆ పిల్లలందరి ఇళ్లవాళ్లనూ ఫ్యాక్టరీకి భోజనానికి పిలిచేశాను.

వచ్చారు. ఆటోల్లో, మేనమామలతో, పెద్దమ్మలతో సహా. ల్యాబ్ చూశారు, ఆడవాళ్ల బాత్రూముల గడియలు పడుతున్నాయో లేదో వేసి చూశారు. ఆపైన నా హైదరాబాదు తెలివి బయటపడింది. బఫే పెట్టించాను. వంటలు ఘుమఘుమలాడుతున్నా ఎవరూ కంచం ముట్టరు. "తింటామండీ, తొందరేముందండీ" అంటూ గోడవారనే నిలబడ్డారు. రండి, కూర్చోండి అని బలవంతపెట్టకపోతే మావైపు ఎవరూ తినరని ఎలా మరిచిపోయానో! గబగబా బల్లలు వేయించి, ఆకులు తెప్పించాను. కొబ్బరి పొడి ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్లు వడ్డనకు దిగారు. "ఇంకో గారె వేయించుకోండి వదినగారూ, మొహమాటపడకండి" అంటూ కాసేపటికే చుట్టరికాలు కలిపేశారు. ఆ గోల వింటుంటే ప్రాణం హాయిగా అనిపించింది.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి నాన్నగారు చేతులు జోడించారు.

"ఆయ్, చాలా బాగా మర్యాద చేసేరండీ. ఆలోచించుకుని కబురు చేస్తామండీ."

మా దగ్గర పెళ్లిచూపుల్లో ఈ మాట అన్నారంటే సంబంధం తప్పిపోయినట్టే. ముఖం మీద కాదనలేక అనే మాట అది. విశాఖలో అద్దె ఇంటి వేట మొదలుపెట్టాల్సిందే అనుకున్నాను.

వాళ్ల ఆటో గేటు దాకా వెళ్లి ఆగింది. అమ్మాయి తల్లిగారు దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబగబా వెనక్కి వచ్చారు.

"ఏవండీ, మీ కంపెనీ బస్సు మా వీధిలోకి వస్తాదాండీ? పిల్ల ఎండకి ఆగలేదండీ."

వాళ్లది మా పిన్నిగారుండే వీధే. అందులో రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి.

"ఆయ్! గుమ్మం ముందుకే వస్తుందండీ" అనేశాను.