ఆర మొనకు అంటిన పోగు

మా కంపెనీ బ్యాటు పట్టి స్క్వాష్ కప్పులు గెలిచిన నలుగురు చాంపియన్లూ నాలుగు గోడల మధ్య ఊరికే పరిగెత్తారంతే. గెలిచింది మా అమ్మమ్మ. వాళ్ళ బ్యాట్లకు తీగలు బిగించింది ఆవిడే కాబట్టి ఆ కప్పులన్నీ న్యాయంగా మా వంటింట్లో ఉండాలి. ఈ మాట అంటే చాలు, గరిటె ఎత్తుకుని నా వెంట పడుతుంది.

కంపెనీ అంటే మేడలూ గట్రా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, పదకొండు మంది మనుషులు. ఒక మూల చెక్కను ఆవిరి పట్టి వంచేవాళ్ళు, ఇంకో మూల జిగురు డబ్బాలు, కిటికీ పక్కన అమ్మమ్మ. చెక్క చట్రం చుట్టూ బెజ్జాలుంటాయి. పేగుతో చేసిన తీగను ఒక బెజ్జంలోంచి లాగి, సడలకుండా అందులో ఆర గుచ్చి, తర్వాతి వరస లాగాలి. ఆర అంటే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఉంటుందే, ఆ మొనదేలిన పనిముట్టే. చెయ్యి కాస్త పక్కకి పోయిందా, తీగను గీరేస్తుంది. గీరిన తీగ పైకి బాగానే కనిపిస్తుంది. గట్టి దెబ్బ పడ్డప్పుడు ఠప్పున తెగుతుంది.

ఆ నలుగురిలో మొదటివాడికి ఒక ఫైనల్లో అలాగే తెగింది. ఓడిపోయాడు. "ఇంకోసారి తెగితే వేరే కంపెనీ బ్యాటు పట్టుకుంటా" అన్నాడు. ఓనరు అందరినీ వరసగా నిలబెట్టి, "అతను పోతే మన బ్యాటు కొనే దిక్కుండదు. షెడ్డుకు తాళం వేసేస్తా" అన్నాడు.

మరుసటి ఏడాది ఫైనల్ రోజు పొద్దున అమ్మమ్మ అతని కోసం ఆరు బ్యాట్లు బిగించింది. ఓనరు తొందర పెడుతుంటే సంచిలో సర్ది పంపేసింది. తర్వాత ఆర తుడవబోతే మొనకు వెంట్రుకంత పోగు అంటి ఉంది. పేగు పోగు.

ఆరింటిలో ఒకదానికి గీత పడింది. దేనికో తెలీదు.

అమ్మమ్మ ఆ పోగును పక్కవాళ్ళకు చూపించింది. జిగురు పనిచేసే బాబాయి, "నోరు మెదపకు. తెగకపోతే ఎవరికీ తెలీదు, తెగితే అందరం కలిసే రోడ్డున పడతాం" అని ధైర్యం చెప్పాడు. ఏం ధైర్యమో ఏమో, అది వినగానే ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా ఆట జరిగే చోటికి పరిగెత్తింది.

అయిదు గేముల్లో మూడు గెలవాలి, అప్పటికే మూడోది నడుస్తోంది. కోర్టు తలుపు మూసి ఉంది. తలుపు పక్కనే బ్యాట్ల సంచి. అమ్మమ్మ నేల మీద చతికిలబడి ఒక్కో తీగనూ కింది పెదవికి ఆనించి చూసింది. తీగలు లాగి లాగి వేళ్ళు మొద్దుబారాయి, పెదవికైతే తెలుస్తుంది. సంచిలో ఉన్న అయిదింటికీ ఎక్కడా గీత లేదు.

అంటే అది అతని చేతిలో ఉంది.

లోపల బంతి గోడకు తగిలిన ప్రతిసారీ అమ్మమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇదే, ఈ దెబ్బకే తెగుతుంది అనుకుంది. చివరికి తలుపు తెరుచుకుంది. రెండు గేములు గెలిచి ఒకటి ఓడి, చాంపియన్ చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. అమ్మమ్మ అతని చేతిలోంచి బ్యాటు లాక్కుని పెదవికి ఆనించింది. "ముద్దు పెడుతోందిరోయ్!" అని పైన గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఈ సంగతి విని తాతయ్య రెండ్రోజులు మాట్లాడలేదట.

నాలుగో వరసలో పెదవికి గరుకుగా తగిలింది.

"బాబూ, దీనికి గీత పడింది. నా చెయ్యే జారింది."

ఓనరు వెనక నుంచి, "నోరు ముయ్యవే తల్లీ, కొంప ముంచకు" అని పళ్ళు నూరాడు.

"ఇదే నా చేతికి కుదిరిందక్కా. తెగడం ఖాయమా?" అన్నాడు చాంపియన్.

"తెగుతుందో లేదో తెలీదు. గీత మాత్రం ఖాయం."

అతను సంచిలోంచి ఇంకోటి తీసుకున్నాడు. దాంతో నాలుగో గేము ఓడిపోయాడు. ఓనరు చూసిన చూపుకి అమ్మమ్మ గోడకు అతుక్కుపోయింది. అయిదో గేము మొత్తం చెవులు మూసుకునే కూర్చుంది. అతను గెలిచాడని ఎవరో భుజం పట్టి కుదిపితే గానీ తెలీలేదు. ఆ తర్వాత అతను వేరే బ్యాటు పట్టలేదు, షెడ్డుకు తాళమూ పడలేదు.

ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. "నీ ధైర్యం వల్లే కదా అమ్మమ్మా కంపెనీ నిలబడింది?" అన్నాను.

"ధైర్యం లేదు, నీ మొహం లేదు. ఆర మొన చూసుకోకుండా సంచి కట్టేశాను. ముందు అది రాయి."