కత్తి ఎదుట ముసలమ్మ జవాబు

2023 వేసవి. నరసరావుపేటలో మా మేడమీద గదిలో కూర్చుని సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం మొదలుపెట్టి అప్పటికి ఎనిమిదేళ్లయింది. సినిమా ఏ భాషదైనా నా చేతికొచ్చేది ఇంగ్లీషు టెంప్లేటే. ప్రతి డైలాగుకూ ఇంగ్లీషు అనువాదం, అది తెరమీద ఎంతసేపు ఉండాలో చెప్పే టైమ్‌కోడ్ ఉండే ఫైలు అది. ఆ వేసవిలో ఒక జపనీస్ చారిత్రక చిత్రం వచ్చింది.

పాత పాలన కూలిపోతున్న రోజుల కథ. రాజులూ సేనాధిపతులూ కనిపించేది తక్కువ. కుండలు చేసుకునే ఒక పల్లె. పొద్దున ఒక సేన వస్తుంది, సాయంత్రం దాని శత్రుసేన వస్తుంది. రెండు సేనలదీ ఒకటే ప్రశ్న: "మీరు ఎవరి వైపు?" కత్తి ఎదుట నిలబడ్డ ఒక ముసలమ్మ జవాబు చెబుతుంది. ఎవరి పక్షమూ కాదు, ఇక్కడ బతుకుతున్నాం అంతే అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం ఉంది. తెరమీద దానికి దొరికేది రెండు సెకన్లు. "మేము తటస్థులం" అని రాశాను. నిడివి సరిపోయింది. కానీ అది ముసలమ్మ మాటలా లేదు, పత్రికా ప్రకటనలా ఉంది.

మా వీధి మలుపులో ఇడ్లీ బండి నడిపే నాగేంద్రమ్మక్కది మాచర్ల వైపు పల్లె. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటుంటే పిల్లల్ని తీసుకుని పదిహేనేళ్ల కిందట నరసరావుపేటకు వచ్చేసింది. విడుదల కాని సినిమా గురించి బయట మాట్లాడకూడదని నాకు పని ఇచ్చే సంస్థతో ఒప్పందం. అందుకని ఆ ఊసెత్తకుండా అడిగాను.

"అక్కా, అప్పట్లో మీరు ఎవరి వైపని ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్పేదానివి?"

ప్లేట్లు కడుగుతున్న ఆమె చెయ్యి ఆగింది. అడగకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"ఏంది అమ్మాయ్, ఇప్పుడెందుకు అయ్యన్నీ?" అంది. కడిగిన ప్లేట్లు బోర్లిస్తూ తనే చెప్పింది. "ఏ పార్టీ అని చెప్పినా చస్తాం. ఏదీ కాదంటే ఇంకా చానా కోపం వాళ్లకి. 'మేం ఊరోళ్లమయ్యా' అనేదాన్ని. అంతకుమించి నోరు తెరిచేదాన్ని కాదు."

పైకి వెళ్లి అదే రాశాను. వారం తిరక్కుండానే క్యూసీ, అంటే తప్పులు పట్టే విభాగం, ఆ లైనును వెనక్కి పంపింది. ప్రాజెక్టు మేనేజర్ ఫోన్ చేశారు.

"మేడమ్, ఇది యాస. మూలంలో 'ఊరు' అన్న మాటే లేదు. ప్రామాణిక భాషలోకి మార్చండి. లేదంటే ఫైలు వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుంది."

"మూలమంటే ఇంగ్లీషా, జపనీసా?" అన్నాను.

ఆగకుండా నేనే మళ్లీ అందుకున్నాను.

"నాకు జపనీస్ రాదు సార్. వచ్చినవాళ్లు మీ దగ్గరుంటారు. ఆమె ఏ మాట వాడిందో, ఎలా పలికిందో కనుక్కోండి. నాది తప్పయితే గంటలో మార్చి ఇస్తాను."

మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ఆమెది పల్లెటూరి పలుకేనట. 'ఊరివాళ్లం' అన్నదానికి దగ్గరి మాటే అందట. దాన్ని విడమరిచి చెప్పింది ఇంగ్లీషులో రాసినవారట. నా లైను ఉంచారు. ఊరుకోకుండా, కుమ్మరి కుటుంబాల సంభాషణంతా తిరగరాయడానికి మరో రెండు రోజులు గడువు అడిగి తీసుకున్నాను.

సినిమా విడుదలయ్యాక నాగేంద్రమ్మక్కకు ఫోన్లో ఆ సన్నివేశం చూపించాను. తన మాట అక్కడికెలా చేరిందో చెప్పాను. కింద వచ్చిన అక్షరాల మీదికి ఆమె చూపు పోనేలేదు.

"ఆమె చేతులు చూశావా? ఎనక్కి పెట్టుకుంది, వణుకు కనపడనీకుండా. నేనూ అంతే."

ఆ సన్నివేశాన్ని ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో నాకే తెలియదు. ఆ చేతులు మాత్రం చూడలేదు. అప్పటినుంచి ఏ సినిమా వచ్చినా నిఘంటువు తెరిచే ముందు, అలాంటి మాట అనాల్సిన అవసరం మనలో ఎవరికి వచ్చిందో వెతుకుతాను. వాళ్లను అడిగి రాసిన లైనును ఇంతవరకూ ఎవరూ మార్పించలేకపోయారు.